ఈ నెల ఖాళీగా వచ్చిన గడి

శుక్రవారం, జీతం పడిన రోజు

సంతోషంతో నిద్ర పట్టడం లేదు! మా ఆయన పే స్లిప్ మూడుసార్లు చూశాను. ఐదేళ్లుగా నెలనెలా ఎనిమిది వేలు మింగేసిన ఉద్యోగుల సొసైటీ లోను గడి ఈసారి ఖాళీ. తాల్‌బగీచాలో ఈ ఇంటికి స్లాబు వేయించడానికి చేసిన అప్పు తీరిపోయింది!

అంతలోనే ఈయన టిఫిన్ బ్యాగులోంచి కొత్త లోను ఫారం తీశారు. ఈయన పనిచేసే వర్క్‌షాపులో ఎవరి లోను తీరినా తోటివాళ్లు మిఠాయి తిని, మరో ఫారం మీద జామీను సంతకాలు చేసి మరీ ఇంటికి పంపిస్తారు. అదీ వాళ్ల మర్యాద.

"దసరా పూజలకి బైకు తీద్దుమేటి? ఇద్దరు సంతకాలు ఎట్టేసినారు," అన్నారు.

"ఇంకా ఎనిమిది వేలు కోస్తన్నారనే అనుకుని బ్యాంకులో ఏసుకుందుము. ఏడాది తిరిగేసరికి మన డబ్బుతోటే బైకొస్తాది," అన్నాను.

"ఠీక్ హై," అన్నారు గానీ ఫారం చింపలేదు, బీరువాలో పెట్టారు. నాకు గుబులు పుట్టి, ఆయన పడుకున్నాక తీసి చూశాను. జామీనుదార్ల సంతకాలు రెండూ ఉన్నాయి. అప్పు తీసుకునే మనిషి సంతకం చోటు మాత్రం ఖాళీ.

నన్నడగకుండా పెన్ను ముట్టలేదన్నమాట!