స్పేర్ టైరులో గాలి

జోలీన్,

నువ్వు లేచేసరికి నేను బేకరీలో ఉంటాను. బయలుదేరే ముందు ట్రైలర్ టైర్లలో గాలి చూడు. ఎండ తగలకముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. టైరు మీద గాలి ఎనభై దాకా అని ఉంటుంది, దాన్ని నమ్మకు. టైర్లు కొత్తవే గానీ రిమ్ములు పాతవి. రిమ్ము వెనకవైపు అరవై అయిదు అని ఉంది, అంతకు మించి కొట్టకు. "రెండిట్లో ఏది తక్కువ ఓర్చుకుంటుందో దాని మాటే వినాలే" అనేవాడు మీ నాన్న. దారిలో వేడికి అంకె పెరుగుతుంది. కంగారుపడి గాలి తీసెయ్యకు.

"నాన్న అస్థికలు నేనొక్కదాన్నే చల్లిరావాలా అమ్మా?" అని రాత్రి అరిచావు. నన్ను ఆ బ్లాక్ హిల్స్ కొండలకు తీసుకెళ్లాలనే మీ నాన్న ఆ టైర్లు వేయించాడు. ఒక్క మైలు తిప్పకుండానే పోయాడు. ఆయన లేకుండా ఆ దారిన రాలేను. ఈ ఇంట్లో తక్కువ ఓర్చుకునేదాన్ని నేనే. కోప్పడకు తల్లీ. శాండ్‌విచ్‌లు ఫ్రిజ్‌లో పెట్టాను.

అమ్మ

మరిచాను. నాలుగు టైర్లలోనూ గాలి తగ్గింది, కొట్టుకో. స్పేర్ టైరు మాత్రం ముట్టుకోకు. నిన్న నేనే చూశాను, సరిగ్గానే ఉంది. గాలి కొలిచే గేజీ పెట్టగానే కాస్త బుస్సుమంటూ పోయింది, నా ప్రాణం ఉసూరుమంది. అందులో ఉన్నది మీ నాన్న కొట్టిన గాలి.