ఐస్‌లాండ్ క్యాలెండర్

వసుధా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. మొన్న గ్రీన్‌కార్డ్ వచ్చింది. కవరు చింపి, నీకు చూపిద్దామని వంటింట్లోకి నడిచాను.

నువ్వు చివరిసారి రాసిపెట్టిన క్యాలెండర్ ఫ్రిజ్ పక్కనే ఉంది. నువ్వెప్పుడూ చూడని ఐస్‌లాండ్‌లో ఏడాది పొడవునా జరిగేవన్నీ అందులో ఉన్నాయి. జనవరిలో, వారాల తరబడి కొండల చాటునున్న సూర్యుడు మళ్లీ కనబడిన రోజు ఊరంతా కాఫీ తాగుతారు. ఏప్రిల్‌లో మంచు కురుస్తున్నా వేసవి వచ్చిందని పండగ చేసుకుంటారు. సెప్టెంబర్‌లో కొండల మీది గొర్రెలను తోలుకొస్తారు. క్రిస్మస్‌కి పుస్తకాలు ఇచ్చుకుంటారు. ఏటా వీటిని కొత్త క్యాలెండర్‌లోకి ఎక్కించేదానివి.

నేనేమో, "వీసా స్టాంపింగ్‌లో ఇరుక్కుని తిరిగి రాలేకపోతే జాబ్ పోతుంది. వచ్చే ఏడాది చూద్దాం" అనేవాణ్ణి. ఒకసారి సెప్టెంబర్‌కి టికెట్లు బుక్ చేసి కూడా క్యాన్సిల్ చేశాను. నువ్వు గొర్రెల గడి కొట్టేసి, మరుసటి ఏడు మళ్లీ అదే రాసుకున్నావు.

ఈ ఏడాదివి మన మేఘన ఎక్కించింది. ఇవాళ సూర్యుడి రోజట. ఇక్కడ మన ఆష్‌బర్న్‌లో సూర్యుడు రోజూ వస్తాడు, ఎవరూ పట్టించుకోరు. మేఘన మాత్రం ఫిల్టర్ కాఫీ పెట్టి తెచ్చి, "నాన్నా, ఇప్పుడు వీసా ప్రాబ్లమ్ లేదు కదా. సెప్టెంబర్‌లో వెళ్దామా?" అంది.

పదిహేనేళ్ల అలవాటు. "వచ్చే ఏడాది చూద్దాంలే" అనేశాను.

అది కప్పు కింద పెట్టింది. "అమ్మకి కూడా నువ్వు ఇదే చెప్పావ్."

నువ్వు ఒక్కసారి కూడా నన్ను అనలేదు ఆ మాట.