గుమ్మం దగ్గరివాడికి బొట్టు

సెరంగూన్,
16-5-2000, మంగళవారం.

చిరంజీవి అల్లుడుగారు శశికాంత్‌కు మీ అత్త లీలావతి దీవెనలు. మీరూ, అమ్మాయి ఉజ్వలా, నేనూ ఈ పూటకి కులాసా. సాయంత్రానికి ఎలా ఉంటామో చెప్పలేను.

ఒకే ఫ్లాటులో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వకండి. ఈ పదకొండేళ్లలో మీ ఎదుట నిలబడి మాట్లాడినదాన్ని కాను. అల్లుడి ముందు నోరు విప్పడం మావాళ్లలో లేదు. అమ్మాయితో చెప్పిద్దామంటే, నీకు బెంగ లేకపోతే తోచదే అమ్మా, అని కసురుతుంది. గ్యాసు కట్టేశానో లేదో రెండుసార్లు చూసొచ్చి కూర్చున్నాను.

మీరు కొన్న పటం సంగతి. నాలుగు వందల ఏళ్ల నాటిదనీ, రాగి రేకు మీద చెక్కి కాగితానికి అద్దారనీ, అప్పట్లో దొరల దేశంలో బీదవాళ్లు సంతలో కొనుక్కుని గోడకి అంటించుకునేవారనీ మీరు స్నేహితులకి చెబుతుంటే వంటింట్లోంచి విన్నాను. అందులో పట్టుబట్టలాయన బల్ల ముందు తింటున్నాడు. గుమ్మం దగ్గర ఒంటినిండా పుండ్లతో ఒకడు పడున్నాడు, కుక్కలు నాకుతున్నాయి. చివరికి స్వర్గానికి వెళ్లేది వాడేనటగా.

ఆదివారం దానికి ఫ్రేము కట్టడానికి క్రాంజీలోని కూలీల బస నుంచి వడ్రంగి కొండయ్య వచ్చాడు. పటం మీ కంప్యూటరు గదిలో పరిచి ఉంది. మీరు హాల్లో భోంచేశారు. అతనికి నేను వంటింటి వెనక బట్టలారేసేచోట పెట్టాను. భోజనాలయ్యాక మీరు వెళ్లి చూస్తే ఎర్ర మరక, కాగితం పొర లేచిపోయి ఉంది. చేతులు కడుక్కోవడం కూడా రాదా, ఇక ఈ గడప తొక్కకు, అన్నారు. నెలాఖరుకి ఈ దేశంలో పనిచేసుకునే అతని పర్మిట్ అయిపోతుంది. మీ కంట్రాక్టరు స్నేహితుడితో మాట్లాడతానన్నవారు, అదీ లేదన్నారు. ఉన్న పని పోతే అతని గతేమిటోనని నాకు నిద్ర లేదు. ఆ మాట సాయం చెయ్యండి.

కూర మీద మూత పెట్టాను. మబ్బు పట్టింది, గొడుగు మరవకండి.

ఇట్లు,
లీలావతి

తా.క. అసలు సంగతి రాయకుండానే సంతకం పెట్టేశాను. ఇంటికి కొత్తగా దేవుడి పటం వస్తే బొట్టు పెట్టిగాని గోడకెక్కించం. మీరందరూ తింటుండగా కుంకుమ తడిపి నేనే పెట్టాను. పట్టుబట్టలాయనకి కాదు, గుమ్మం దగ్గరివాడికి. మీరేమంటారోనని భయమేసి తడి కొంగుతో తుడిచిందీ నేనే. చెయ్యి కడుక్కుని వస్తూ కొండయ్య చూశాడు. మీరు తిడుతున్నంతసేపూ అతను నా వైపైనా చూడలేదు. లిఫ్టు దగ్గర మాత్రం, అల్లుడింట్లో ఉండాల్సినోరు, మీరేం మాట్టాడమాకండి పెద్దమ్మగారూ, అని వెళ్లాడు. కంగారులో సుత్తి మన గుమ్మం దగ్గరే వదిలేశాడు. అది ఇవ్వడానికైనా పిలిపించండి. ఈసారి హాల్లో వడ్డిస్తాను.