ఈ అతుకు ఆయనది కాదు

అత్తయ్యకు, మీ కోడలు ప్రేమతో రాసేది,

ఇది ఫోనులో మాట్లాడే సంగతి కాదు. ఫోనులో మీకు సగం వినపడదు, వినపడని సగాన్ని వదిన పక్కనుంచి కేకేసి చెబుతుంది. అందుకే ఉత్తరం. చదివాక మీ దగ్గరే ఉంచుకోండి. వదిన చెవిన పడితే ఇక దండోరా వేసినట్టే.

మీ అబ్బాయి నా దగ్గర ఏదో దాస్తున్నారు.

ముందు మా పని సంగతి చెప్పాలి, నా అనుమానం పుట్టింది అక్కడే. వర్క్‌షాపుకు ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి పాతకాలపు వీడియోగేములు. బీరువా అంత పెట్టె, ముందు ఒక తెర, దాని కింద మీటలు. మీరు వచ్చినప్పుడు ఒకదాని ముందు నిలబడి ఓడలు పేల్చారే, అవి. వాటిని ఇప్పుడెవరూ తయారు చెయ్యరు, ఉన్నవాటినే బతికించుకోవాలి. మా ఇద్దరి మధ్య మొదటినుంచీ ఒక పంపకం ఉంది. తెర, కరెంటు సరఫరా, వైర్లు నావి. లోపలి బోర్డులు, అంటే ఆటకు బుర్రలాంటి పచ్చటి పలకలు, ఆయనవి. పలక నిండా నల్లటి చిప్పులు బారులు తీరి ఉంటాయి. అందులో ఏది చచ్చిందో కనిపెట్టడం ఒక ఎత్తు. దాన్ని పీకేసి కొత్తదాని కాళ్లను సోల్డరింగ్ ఐరన్‌తో సీసం కరిగించి అతకడం ఇంకో ఎత్తు. రెండింట్లోనూ ఆయనకు సాటి లేరని నేను చెప్పడం కాదు, ఈ పనిలో ఉన్న ఎవరిని అడిగినా చెబుతారు.

అలాంటిది, బస్టాండు వెనక గేముల పార్లర్ నడిపే ఆవిడ కారు పందెం బోర్డు ఆయన బాగుచేశాక కూడా తిరిగొచ్చింది. ఆన్ చెయ్యగానే బాగానే ఉంటుంది. కాస్త వేడెక్కేసరికి రోడ్డు మీద కార్లన్నీ నడుముకు తెగి, పై సగం ఒకచోట, కింది సగం ఇంకోచోట పరిగెడతాయి. ఆయన మళ్లీ చేశారు. మళ్లీ వచ్చింది. పైగా ఇదివరకు ఎవరి బోర్డు వాళ్లే తెచ్చుకునేవారు. ఇప్పుడు ఈయనే సంచి భుజాన వేసుకుని, "అక్కడే చూసి వస్తాను," అని బయల్దేరుతున్నారు. ఆ ఒక్క పార్లర్‌కే.

మొన్న ఆయన గడ్డం గీయించుకోడానికి సెలూన్‌కి వెళ్లినప్పుడు సంచిలోంచి ఆ బోర్డు తీసి భూతద్దం కింద పెట్టాను. అత్తయ్యా, ఆయన పెట్టిన అతుకు నాకు ఆయన నడకంత బాగా తెలుసు. చిన్నగా, నున్నగా, అప్పుడే రాలిన నీటిచుక్కలా మెరుస్తుంది. ఇవి బూడిదరంగు ముద్దలు. ఒకచోట వేడి ఎక్కువై రాగి గీత పలక మీంచి పైకి లేచిపోయింది. ఈ అతుకు ఆయనది కాదు. ఇంకొకటి కూడా కనిపించింది. సీసం చుట్టూ గట్టిపడిన జిగురులో ఒక వెంట్రుక అంటుకుని ఉంది. పొడుగాటిది, ఎర్రరంగు వేసినది. నా జుట్టు సంగతి మీకు తెలుసు, భుజం దాటదు, రంగు ఎరగదు.

ఆయన రాగానే అడిగాను. "ఈ అతుకులెవరివి?"

"నావే. ఐరన్ పాడైంది, సరిగా వేడెక్కట్లేదు."

"వెంట్రుక కూడా ఐరన్‌దేనా?"

భూతద్దం వైపు తల కూడా తిప్పలేదు. "గాలికి ఎగిరొచ్చుంటుంది," అన్నారు. ఆయన స్నానానికి వెళ్లగానే ఆ ఐరన్ పరీక్షించాను. దానికి ఏ రోగమూ లేదు.

మిగతావి కూడా చెబితేగానీ నాకు ఊపిరాడదు. ఇన్నేళ్లూ ఇంట్లో గీసుకున్న గడ్డానికి ఇప్పుడు సెలూన్ కావలసివచ్చింది. బల్లను గోడవైపు తిప్పుకున్నారు, నేను వెనక నిలబడితే పని ఆపేస్తారు. టీ నాతో కలిసి తాగరు, "అక్కడ పెట్టు," అంటారు, తర్వాత చూస్తే గ్లాసు ఖాళీ. రసీదుల మీద సంతకం మానేసి రబ్బరు స్టాంపు చేయించుకున్నారు. ఒక్కొక్కటి విడిగా చూస్తే ఏమీ లేదు. అన్నీ కలిపి చూస్తే మనిషి నాకు కొంచెం కొంచెంగా దూరం జరుగుతున్నట్టుంది.

ఆయన మీకేమైనా చెప్పారా? మీ దగ్గర దాచరని నా నమ్మకం. ఉంటే, నన్ను నొప్పించకూడదని నాన్చకుండా రాయండి.

మీ కోడలు

*

అత్తయ్యా,

మీ జవాబు కోసం ఆగలేక మళ్లీ రాస్తున్నాను. మీరు రాయకపోవడం చూస్తే మీ మీద కూడా అనుమానం వస్తోంది. అంత దూరం వచ్చింది నా బుద్ధి, ఏమీ అనుకోకండి.

నిన్న మధ్యాహ్నం ఆయన సంచి తీసుకుని బయల్దేరారు. "ఎక్కడికి?" అన్నాను. "చిప్పులు కావాలి, మార్కెట్‌కి," అన్నారు. కాసేపాగి నేనూ బయల్దేరాను. మార్కెట్ వైపు కాదు. పార్లర్ షట్టర్ సగం దించి ఉంది. ఎదురుగా జిరాక్స్ షాపు మెట్ల మీద నిలబడి వంగి చూశాను. లోపల టేబుల్ లైటు కింద రెండు తలలు. ఆయనా, ఆవిడా. అదే ఎర్రజుట్టు, ఆయన చెంపకు తగిలేంత దగ్గరగా. ఆయన ఏదో వేలుపెట్టి చూపిస్తున్నారు, ఆవిడ నవ్వుతోంది. నాకు ఆయన వీపు మాత్రమే కనిపిస్తున్నా, భుజాలు ఎంత తేలిగ్గా ఉన్నాయో తెలిసింది. మా ఇంట్లో ఆ భుజాలు చాలాకాలంగా బిగుసుకునే ఉన్నాయి. అది చూశాకే షట్టర్ ఎత్తి లోపలికి వెళ్లాలని మెట్టు దిగాను. వెళ్లలేదు. వెళ్లి ఏమడగాలి? "నా మొగుడి అతుకులు నువ్వెందుకు వేస్తున్నావు" అనా?

సాయంత్రం వచ్చాక, "దొరికాయా చిప్పులు?" అన్నాను. "దొరకలేదు, ఊరంతా తిరిగాను," అన్నారు. కళ్లలోకి చూసి చెప్పారు. వెంట్రుకకన్నా, ఆ నవ్వుకన్నా నన్ను ఎక్కువ కోసింది ఆ మాటే.

బోర్డు చూడటం నాకు నేర్పింది ఆయనే. అనుమానం వచ్చిన చిప్పును వెంటనే పీకెయ్యకు, దానికి కరెంటు అందుతోందో లేదో చూడు, పక్కది దాన్ని ముంచుతోందేమో చూడు, అనేవారు. అన్నీ చూశాను. ఐరన్ చూశాను, అతుకు చూశాను, మనిషిని చూశాను. ఇంకేం మిగల్లేదు. టీవీల సర్వీస్ సెంటర్ వాళ్లు నన్ను ఎప్పటినుంచో రమ్మంటున్నారు. వస్తానని చెప్పాను. దానికి దగ్గర్లో ఒక గది కూడా మాట్లాడుకున్నాను. నెల మారగానే వెళతాను. ఆయనకు ఇంకా చెప్పలేదు. దాచడం ఆయన ఒక్కరికే చేతనవునా?

మీతో బంధం తెంచుకోను. అది మాత్రం నమ్మండి.

మీ కోడలు

*

చిట్టితల్లీ,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి నా చేతికొచ్చాయి. మీ వదిన మొదటిదాన్ని కరెంటు బిల్లనుకుని సొరుగులో పడేసింది. కాబట్టి నామీద అనుమానం తీసెయ్. వాడు నాకేం చెప్పలేదు. చెప్పకపోయినా, నువ్వు రాసిందంతా నేనొకసారి చూసేశాను.

మీ మామయ్య దుకాణాలకు పేర్లు రాసేవారని నీకు తెలుసు కదా. ఆయన అక్షరం చూడటానికి జనం ఆగేవారు. వాడి వయసులోనే ఆయన కూడా గడ్డానికి మంగలి దగ్గరకి పోవడం మొదలెట్టారు. నా ఎదుట టీ తాగడం మానేశారు. రంగుల డబ్బాలు పట్టుకుని పొద్దున్నే పోయి సాయంత్రానికి వచ్చేవారు, డబ్బాల్లో రంగు మాత్రం తగ్గేది కాదు. నేనేమనుకున్నానంటావు? నువ్వనుకున్నదే. ఒకరోజు వెంటపడి వెళ్లాను. ఆడదీ లేదు, గీడదీ లేదు. పార్కులో బెంచీ మీద కూర్చుని కుడిచేతిని తొడ కింద పెట్టుకుని ఉన్నారు. చెయ్యి వణుకు, తల్లీ. ఊరికే ఉంటే ఉండదు, కుంచె పట్టుకున్నా గ్లాసు ఎత్తినా మొదలు. వాళ్ల నాన్నకూ ఉండేదట. అంతకు ముందే ఒక బట్టలకొట్టువాడు వంకర గీత చూసి పదిమందిలో నవ్వి, రాసిందంతా తుడిపించాడు. మీ ఆయన బడి నుంచి వస్తూ అది చూశాడు. ఆ తర్వాత మీ మామయ్య మళ్లీ కుంచె ముట్టలేదు. రంగు వాసన పడట్లేదని అందరికీ చెప్పేవారు, నేను కూడా అదే చెప్పేదాన్ని.

వాణ్ణి నమ్మమని నేను అనను. కొడుకని వెనకేసుకొచ్చిందని తర్వాత నువ్వే అంటావు. పార్లర్ ఆవిడ సంగతి నాకు తెలియదు. నువ్వు ఒక్కటి చూడలేదు, అది చూడు. టీ గ్లాసు నిండా పోసి వాడి చేతికివ్వు. అక్కడే కూర్చో. అప్పటికీ గదికి పోవాలనిపిస్తే పో, సామాను సర్దడానికి నేనే వస్తాను.

నీ అత్తయ్య

*

అత్తయ్యా,

మీరు చెప్పినట్టే చేశాను. నిజానికి చెయ్యడానికి భయమేసింది. మీరు రాసింది నిజం కాకపోతే ఆయన నన్ను మోసం చేసినట్టు. నిజమైతే... అది ఇంకోరకం భయం.

పొద్దున గ్లాసు అంచుదాకా పోసి వర్క్‌షాపులో ఆయన ముందు పెట్టాను. "అక్కడ పెట్టు, తాగుతాను," అన్నారు. "ఇప్పుడు తాగండి," అని స్టూలు లాక్కుని కూర్చున్నాను. నా ముఖం చూశారు. తర్వాత రెండు చేతులతో గ్లాసు ఎత్తారు. పెదవి దాకా రాకముందే సగం టీ చొక్కా మీద పడింది. గ్లాసు కింద పెట్టబోతే బల్లకు తగిలి టకటకలాడింది. ఆ చప్పుడు ఇన్నాళ్లూ నాకు వినపడకుండా ఎంత జాగ్రత్త పడ్డారో!

"ఎప్పటినుంచి?"

"తెలీదు. మొదట నేనే ఒప్పుకోలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు తిడితే పడతాను. నా చేతిలోంచి ఐరన్ తీసుకుని, 'పర్లేదులెండి, నేను చేస్తాలే' అంటావే, అది పడలేను."

"పార్లర్ ఆవిడ తీసుకుంటే పడ్డారుగా!"

"ఆవిడ నాకేమవుతుంది? ఆవిడ చూస్తే ఎంత, చూడకపోతే ఎంత!"

కోపంతో చేశానో, జాలితో చేశానో నాకే తెలియదు, తడిచొక్కా విప్పించి పొడిది ఇచ్చాను. మార్కెట్ మాట మాత్రం వదల్లేదు. "చెయ్యి వణికితే అబద్ధం కూడా ఆడాలా?" అన్నాను. గది మాట్లాడుకున్న సంగతి నేనూ చెప్పేశాను. ఆయన ముఖం పాలిపోయింది. మధ్యాహ్నం దాకా ఇద్దరం పని ముట్టలేదు.

తర్వాత, "పదండి పార్లర్‌కి," అన్నాను. అనుమానం పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. నా కళ్లతో చూడాలనిపించింది.

ఆవిడ నన్ను చూడగానే, "అమ్మయ్య, చెప్పారా!" అంది ఆయనతో. తర్వాత నాతో, "మీ ఇంట్లో చెప్పండి, చెప్పండి అని నోరు పోయేలా పోరుతున్నానమ్మా. ఇక్కడ పనిచేస్తుంటే ఒకరోజు ఐరన్ జారి కాలిమీద పడబోయింది. నేనే అందుకున్నాను. పెళ్లికి ముందు రేడియో ఫ్యాక్టరీలో అతికేదాన్నిలే. ఆ చెయ్యి ఎప్పుడో పోయింది, చూశావుగా నా ముద్దలు! నవ్వుకున్నావా?"

"నవ్వలేదండీ. ఏడ్చాను," అన్నాను. అని, ఆపుకోలేక, "ముందు ఆ జుట్టు ముడేసుకోండి," అన్నాను. ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయి, అర్థమయ్యాక పగలబడి నవ్వింది. ఆ నవ్వు నాకు ఈసారి అంత చేదుగా లేదు.

అక్కడే కూర్చుని ఆ బోర్డు పని పట్టాం. కార్లు తెగిపోవడానికి కారణం ఆవిడ వేసిన చిప్పు కాదనీ, లేచిపోయిన రాగి గీత చల్లగా ఉన్నప్పుడు తగులుతూ, వేడెక్కితే విడిపోతోందనీ ఆయన తేల్చారు. ఎలాగనుకున్నారు? కాస్త వేడి చేసి, ఒక్కొక్క గీతనే చెక్కపుల్లతో నొక్కుతూ తెర వైపు చూడమన్నారు. ఒకచోట నొక్కేసరికి కార్ల రెండు సగాలూ టక్కున కలిశాయి. "అదిగో, దాని పక్కన సన్నటి తీగ వెయ్యి," అన్నారు. నేను వేశాను. నా చెయ్యి ఆయన చెయ్యంత నున్నగా రాదు. "ఇంకాస్త వేడి తగ్గించు, ఆగు, ఇప్పుడు తియ్యి," అంటూ మెడమీద ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడ్డారు. ఆ రోజు షట్టర్ కిందనుంచి నేను చూసింది ఇదే కదా అనుకున్నాను.

డాక్టరుకు చూపించాం. మామయ్యగారి సంగతి చెప్పగానే డాక్టరు తలూపారు. ప్రాణం మీదికి వచ్చేది కాదట. మందుతో కొంత తగ్గుతుందట, పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేనన్నారు. సర్వీస్ సెంటర్‌కి రానని చెప్పేశాను. గది కూడా వద్దన్నాను. అయినా ఆయన చెప్పులేసుకుని, "ఇప్పుడే వస్తాను," అంటే నా మనసు ఇంకా గుమ్మందాకా వెంటపడుతోంది. అది పోవడానికి కొంతకాలం పడుతుంది. ఆయనకు ఆ మాట చెప్పాను. "పట్టనీ," అన్నారు.

నిన్న ఒక పాత కస్టమర్ బోర్డు పట్టుకుని వచ్చాడు. బల్ల దగ్గర నేను, పక్క కుర్చీలో ఆయన. "ఏంటి సార్, పనంతా మేడం మీద పడేసి హాయిగా కూర్చున్నారు?" అన్నాడు. నేను ఏదో ఒకటి చెప్పి మాట మార్చబోయాను. ఈలోపే ఆయన కుడిచెయ్యి అతని ముందుకు చాపారు. అది ఆకులా వణుకుతోంది. దాన్ని అలాగే ఉంచి, "చెయ్యి ఆగట్లేదండీ. అందుకని తప్పులు పట్టడం నాది, దిద్దడం ఆవిడది," అన్నారు.

అతను చెయ్యి వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. "అదృష్టవంతులు సార్. మా ఇంట్లో రెండూ మా ఆవిడే," అని తన బోర్డు తీసి ఆయన ముందే పెట్టాడు.

ఇద్దరూ నవ్వుకుంటున్నారు. నేను తలెత్తలేదు. కళ్లు మసకబారితే అతుకు సరిగా పడదు. ఐరన్ దాని స్టాండులో పెట్టి, కాసేపు ఊరికే కూర్చున్నాను.

మీ కోడలు