మాఘంలో పూసిన బంతి

రాళ్లకుంట, 16-2-1956

బ్లాకు ఆఫీసు గుమాస్తా రామసుబ్బయ్యగారికి, ఊరుమ్మడి తోట పెద్ద దేవేంద్రప్ప నమస్కరించి రాసుకునేది.

ఉగాదికి పూయాల్సిన బంతి మాఘంలోనే పూసింది. మొక్క జానెడు కూడా లేదు. నాకు అన్నం సయించడం లేదు. ఆఫీసరుగారు తోట చూడ్డానికి ఉగాదికి వస్తే ఎండుపూలే చూడాలి. ముందే రమ్మని చెప్పండి.

తమ విధేయుడు,
దేవేంద్రప్ప

తా.క. ఊరిబావి లోతు తవ్వించమన్న మా అర్జీ ఏమైంది? నీళ్లు అడుగంటినాయి.

* * *

బ్లాకు ఆఫీసు, 21-2-1956

దేవేంద్రప్పగారికి,

మీ జాబు చేరినది. తోట విరగబూసినందుకు ఆఫీసరుగారు మిక్కిలి సంతోషించినారు. పూలకే చాలినన్ని నీళ్లున్నందున బావి తవ్వకం అనవసరమని వారి అభిప్రాయం. నెలాఖరున స్వయంగా చూసి, అర్జీ మూసివేయగలరు.

ఇట్లు,
రామసుబ్బయ్య, గుమాస్తా

తా.క. జీపు వచ్చు దారిలో ముళ్లకంప తీయించవలెను.

* * *

రాళ్లకుంట, 24-2-1956

రామసుబ్బయ్యగారి సముఖమునకు,

అయ్యా, కొంప మునిగింది. అవి పూసింది నీళ్లుండి కాదు, లేక. చచ్చేలోగా నాలుగు గింజలన్నా కట్టుకుందామని పూసినాయి. "నీళ్లుంటే ఆకు పెరుగుతాదప్పా, ఇంత తొందరగా పువ్వు యాడిది?" అంటుంది మా ఓబులమ్మత్త. ఈ మాట ఆఫీసరుగారి చెవిన వేయండి. నమ్మరేమోనని, ఆయన వచ్చేరోజు పొద్దున్నే పూలన్నీ కోయించేస్తాను. తోటలో ఒక్కటి కనబడితే ఒట్టు.

భయంతో,
దేవేంద్రప్ప

తా.క. కోసిన పూలు పారేయడానికి మనసొప్పదు. ఆఫీసరుగారికి మెడనిండా దండ వేస్తాం.

* * *

రాళ్లకుంట, 1-3-1956

అయ్యా రామసుబ్బయ్యగారూ,

నిన్న మా పరువు పోయింది. ఆఫీసరుగారు బోడితోట చూసినారు, తన మెడలో దండ చూసుకున్నారు. "ఇవెక్కడివి?" అన్నారు. ఆయన పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

తర్వాత దాహం అడిగినారు. ఓబులమ్మత్త చేద తీసుకుని బావికి పోయింది. ఊట ఊరేదాకా గట్టుమీదే కూర్చుంది. చెంబెడు నీళ్లు తెచ్చేసరికి గంట పట్టింది, అదీ సగం బురద. ఆయన చెంబు గట్టుమీద పెట్టి జీపెక్కినారు. బావి పోతే పోయింది. ఊరికొచ్చిన మనిషికి గుక్కెడు నీళ్లియ్యలేకపోతిమే అని సిగ్గుతో చస్తాండా. మన్నించమని చెప్పండి.

తలెత్తుకోలేని,
దేవేంద్రప్ప

తా.క. దండ జీపులోనే మీ దగ్గరికి వచ్చేసింది. దయచేసి ఆఫీసులో ఎవరి కంటా పడనీయకండి.

* * *

బ్లాకు ఆఫీసు, 6-3-1956

దేవేంద్రప్పగారికి,

ఆఫీసరుగారి టూరు పుస్తకం నేనే నకలు తీసినాను. మొదట "నీరు సమృద్ధి" అని రాసినారు. దాన్ని కొట్టివేసి, కింద "బావి తవ్వకం వెంటనే మంజూరు" అని రాసినారు. పక్కన వేసిన టైము ప్రకారం రెండింటి మధ్య సరిగ్గా గంట తేడా. పనివాళ్లు సోమవారం వస్తారు.

ఇట్లు,
రామసుబ్బయ్య

తా.క. ఇప్పుడు ఆయన ఏ ఊరికి పోయినా జీపులో నీళ్లకూజా ఉండాల్సిందే. నింపే పని నాకు పడింది.