తిప్పితే అన్నమయ్యే దండ

శంషాబాద్

బాపుకు, నీ పెద్దబిడ్డ మంజుల రెండు చేతులా దండం పెట్టి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ మీ అల్లుడూ చల్లగా ఉన్నాం. అక్కడ నువ్వు, అమ్మ, నానమ్మ, తమ్ముడు, మన రెండెడ్లు అందరూ బాగున్నారని నమ్ముతున్నాను. నానమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? తెల్లెద్దు కాలి పుండు మానిందా? తమ్ముణ్ణి అడిగితే అన్నిటికీ "మంచిగనే ఉన్నరు" అంటాడు. వాడి మాట మీద నాకు నమ్మకం లేదు.

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని నువ్వు అనుకుంటావు. ఫోన్ చేస్తే నువ్వు "తిన్నవా బిడ్డా" అంటావు, నేను "తిన్న బాపు" అంటాను, వెంటనే ఫోన్ అమ్మ చేతికి పోతుంది. ఇప్పుడు నేను చెప్పాల్సింది అంతలో పట్టదు. పైగా నీ ముందు నోరు తెరవడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. కాగితం మీదైతే తల వంచుకునే మాట్లాడొచ్చు.

ముందుగా, నా గురించి రంది పెట్టుకోవద్దు. ఇక్కడ అంతా బాగుంది. వచ్చిన కొత్తలో బాగుండలేదు, అది ఇప్పుడు చెప్తే తప్పు లేదు. మీ అల్లుడు పొద్దున్నే విమానాల సామాన్లు దించే గోదాముకు పోతే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. ఒక్క గది, ఒక్క కిటికీ. విమానం వచ్చినప్పుడల్లా కప్పు ఊడి మీద పడుతుందేమోనని గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. ఇప్పుడైతే శబ్దం విని పెద్దదో చిన్నదో చెప్పేస్తున్నాను. వానలు బాగా పడుతున్నాయి. ఇక్కడి బియ్యానికి మన బియ్యమంత రుచి లేదు కానీ రోడ్డు మీద జొన్నరొట్టెలు దొరుకుతాయి. మన ఇంటి రొట్టెలంత పలుచగా ఉండవు.

మా ఇంటి ఓనరమ్మను ఖాలా, అంటే పిన్నీ, అని పిలుస్తాం. ఒకరోజు ఆమె తలుపు కొట్టి, "ఏం బేటీ, పొద్దంత తలుపు మూసుకోని కూసుంటవ్, గోడలు నీతోని ముచ్చట పెడ్తున్నయా?" అన్నది. నేను నవ్వాను. మరునాడే నన్ను చెయ్యి పట్టి బస్టాండు దగ్గర అనసూయక్క పూల దుకాణానికి తీసుకుపోయింది. అప్పటి నుంచీ అక్కడ దండలు గుచ్చుతున్నాను. ఇక్కడి హోటళ్ళలో విమానం దిగి వచ్చేవాళ్ళ మెడలో బంతిపూల దండ వేస్తారు. అవి మా దుకాణం నుంచే పోతాయి.

మొదటి వారమే ఒక పొరపాటు చేశాను. ముప్పై దండలు గుచ్చమంటే, నువ్వు నేర్పినట్టు గుచ్చాను. పండుగనాడు ఎడ్ల మెడలో వేసే దండ ఎట్లా గుచ్చుతాం మనం? ఒక పువ్వు ముఖం ఇటు, తరువాతి పువ్వు ముఖం అటు. ముఖానికి ముఖం, వీపుకు వీపు. అట్లాగైతే దండ మెలి తిరగకుండా కర్రలాగా నిటారుగా ఉంటుందని నువ్వే కదా చెప్పావు. పూలు గుచ్చడమంటే అదే పద్ధతి అనుకున్నాను. హోటలు దండకు పూలన్నీ ఒకే వైపు చూడాలట. అప్పుడే అది మెత్తగా ఒంపు తిరిగి మెడకు అతుక్కుంటుందట. అనసూయక్క దండ లేపి చూసి, "ఏంది పిల్లా ఇది? విమానం దిగినోళ్ళకు ఎడ్ల దండ ఏస్తవా? రేపు గడ్డి గూడ పెడ్తవా ఏంది?" అన్నది. దుకాణమంతా నవ్వింది. ఇంటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తున్నది.

ఆ ఏడుపులోనే ఖాలా కూతురు సానియాతో స్నేహమయింది. ఇంటర్ రెండో సంవత్సరం, డాక్టర్ల చదువుకు పోయే కోర్సు చదువుతున్నది. ఆ మెట్ల మీదే పుస్తకం పెట్టుకుని పైకి చదువుతుంది. ఒకరికి చెప్తేనే తనకు గుర్తుంటుందట. "భాభీ, నువ్వు ఊకె విను, పూలు గుచ్చుకుంట విను" అంటుంది. ఇట్లా నేను దుకాణం పూలు ఇంటికి తెచ్చుకుని, చేయి పూల మీద, చెవి పాఠం మీద పెట్టి వినడం మొదలుపెట్టాను.

బాపు, ఆ పాఠం దండల పాఠమే! మనుషులు, పశువులు, చెట్లు, ప్రాణమున్న ఏదైనా సరే, నీళ్ళు పోను దాని ఒళ్ళు చాలావరకు చిన్న చిన్న వాటిని గుచ్చి చేసిన పొడవాటి దండలతో తయారైందట. కంటికి కనబడనంత సన్నగా ఉంటాయట. బియ్యం గింజలో ఉండేదీ దండే. అందులో పువ్వు ఒకటే రకం, గ్లూకోజు. జ్వరమొస్తే దవాఖానలో నీళ్ళలో కలిపి ఇస్తారే, అది. ఆ దండను మన ఉమ్మి తెంపుతుందట, అందుకే అన్నం చాలాసేపు నమిలితే తియ్యగవుతుందట. ఆ సాయంత్రం మీ అల్లుడికి కూర వేయకుండా ఉత్త అన్నం ముద్ద పెట్టాను.

"నమలు, మింగకు" అన్నాను.

"ఇంకెంతసేపు? దవడలు గుంజుతున్నయ్."

"ఇంక జరసేపు."

కళ్ళు మూసుకుని ఎద్దు నెమరేసినట్టు నమిలాడు. కాసేపటికి కళ్ళు పెద్దవి చేసి, "ఔనే! చక్కెర ఏసినవా ఇండ్ల?" అన్నాడు. నేను ఒట్టు పెట్టినా నమ్మలేదు. తనే ఇంకో ముద్ద తీసుకుని నమిలాడు. ఆ పూట మేము అన్నం తినేసరికి కూర చల్లారిపోయింది.

గుడ్డులో, పప్పులో, మన కండల్లో ఉండేది ఇంకో రకం దండ. దాంట్లో ఇరవై రకాల పూలుంటాయి. ఏ పువ్వు పక్కన ఏ పువ్వు వస్తే ఆ దండ అట్లా ముడుచుకుని ఒక ఆకారం తెచ్చుకుంటుంది, ఆ ఆకారాన్ని బట్టి పని చేస్తుంది. గుడ్డు ఉడకబెడితే వేడికి ఆ ముడతలు విడిపోయి దండలు ఒకదానితో ఒకటి చిక్కుపడి గట్టిపడతాయి. ఉడికిన గుడ్డు మళ్ళీ పచ్చిగుడ్డు కాదు, చూశావా, అందుకే. నూనె మాత్రం దండ కాదట. ఎందుకని సానియాను అడిగాను. "అది వేరే లెసన్ భాభీ, నా పాణం తియ్యకు" అన్నది.

ఒకరోజు నేనే అడిగాను, "గడ్డిల ఏముంటది?" అని.

"అదే గ్లూకోజు."

"బియ్యంల ఉన్నదేనా? మరి మనం గడ్డి ఎందుకు తినం?"

సానియా పేజీ తిప్పి బొమ్మ చూపించింది. బియ్యం దండలో పూలన్నీ ఒకే వైపు చూస్తున్నాయి, దండ ఒంపు తిరిగింది. గడ్డి దండలో ఒకటి ఇటు, ఒకటి అటు, ఒకటి ఇటు, ఒకటి అటు. దండ నిటారుగా ఉంది.

నేను ఎంత గట్టిగా నవ్వానంటే ఖాలా వంటింట్లో నుంచి పరుగెత్తుకొచ్చింది. "ఇది మా ఎడ్ల దండ!" అన్నాను. "ఒకే పువ్వు, ఒకే సూది! హోటలు దండేమో అన్నం, ఎడ్ల దండేమో గడ్డి!"

పువ్వు అటూ ఇటూ తిరిగి ఉన్నందుకు దాన్ని తెంపే కత్తెర మన కడుపులో లేదట. ఎద్దు కడుపులో కంటికి కనబడని పురుగులుంటాయి, వాటి దగ్గర ఆ కత్తెర ఉంది. దూది, నార, నేను కట్టుకున్న నూలు చీర, నువ్వు పేనే జనుము తాడు, నీకు రాస్తున్న ఈ కాగితం, అన్నీ ఆ దండలే. అందుకే అంత గట్టిగా ఉంటాయి.

ఆ తరువాత వాళ్ళ కాలేజీలో సైన్సు ప్రదర్శన పెట్టారు. సానియా ఈ దండలన్నీ పూలతో చేసి చూపిస్తానని పేరిచ్చింది. గుచ్చింది నేనే. ఇంకో బొమ్మ కూడా ఉంది, తల్లిదండ్రుల పోలికలు పిల్లలకు మోసుకొచ్చే దండ. అది రెండు పురుల తాడు లాగా మెలి తిరిగి ఉంటుంది. సానియా రెండు దారాలు మెలిపెడితే వదలగానే విడిపోతున్నాయి. నేను ఒక్కో పురిని ముందు ఒక వైపు పేని, తరువాత రెండిటినీ కలిపి ఎదురు వైపు పేనాను. వదిలినా కదలలేదు. "ఎవరు నేర్పిండ్రు భాభీ?" అన్నది. "మా బాపు" అన్నాను. నీ ఉంగరాల జుట్టు నాకు వచ్చింది ఆ తాడులోనేనట.

ప్రదర్శన రోజు పూలు నలగకుండా బుట్ట మోయడానికి నన్నూ రమ్మన్నది. కొంగు కప్పుకుని గోడ పక్కన నిలబడ్డాను. అంతా బాగానే జరుగుతున్నది. ఇంతలో ప్రిన్సిపాల్ సార్ వచ్చారు. ఆయనకు ఏదీ వంకరగా ఉండకూడదు. దారిలో కుర్చీలు సర్దుకుంటూ, తెర సరిచేసుకుంటూ వచ్చారు. మా బల్ల దగ్గర ఆగి గడ్డి దండ చూసి, "ఎవరమ్మా గుచ్చింది, సగం పూలు తిరగబడ్డాయి" అని ఒక బంతిపువ్వును పట్టుకుని తిప్పబోయారు. సానియా అటు ఎవరితోనో మాట్లాడుతున్నది.

"తిప్పకుండ్రి సార్! తిప్పితే అది అన్నమైతది!"

ఆ అరుపు నాదే బాపు. నాకే నమ్మకం కలగలేదు. గదిలో అందరూ తిరిగి చూశారు. సార్ చెయ్యి పువ్వు మీదే ఆగిపోయింది. భూమిలోకి పోతే బాగుండుననిపించింది.

పక్కనున్న బోటనీ మేడమ్ నవ్వు ఆపుకుంటూ, "ఎందుకైతది? చెప్పు" అన్నది. తల వంచుకుని, నా కాళ్ళ వైపే చూస్తూ మొత్తం చెప్పాను. పువ్వు, కత్తెర, ఎద్దు, తాడు, అన్నీ. సార్ చెయ్యి తీసి, "ముప్పై ఏండ్ల సంది సదిరిపెడ్తున్న, పొరపాటని ఇయ్యాల్నే ఎరుకైంది" అని పెద్దగా నవ్వారు. అందరూ నవ్వారు. అనసూయక్క దుకాణంలో నవ్విన నవ్వు కాదు అది. వేరే నవ్వు.

మేడమ్ నన్ను పక్కకు పిలిచి ఎంత చదివావని అడిగింది. ఏడో తరగతి అన్నాను. ఓపెన్ స్కూల్లో పది రాయొచ్చట. ఇంటి దగ్గరే చదువుకుని, సెలవు రోజుల్లో క్లాసుకు పోతే చాలట. దరఖాస్తుకు ఈ నెలాఖరు వరకు గడువుంది. మీ అల్లుడికి భయపడుతూ చెప్పాను. "సదువు. లెక్కలు మాత్రం నన్ను అడగకు, రెండుసార్లు తప్పినోన్ని" అన్నాడు.

ఇక ఈ ఉత్తరం దేనికో చెప్తాను. దరఖాస్తుకు నా టీసీ కావాలి. అది ఇంకా మన ఊరి బడిలోనే ఉంది.

నాకు గుర్తుంది బాపు. హెడ్మాస్టర్ సార్ మన ఇంటికి వచ్చి, పిల్లను వాగవతల హైస్కూలుకు పంపమన్నాడు. నువ్వు తాడు పేనుతున్నావు. తల ఎత్తకుండానే, "నా బిడ్డ సంగతి నాకెరుక. ఇగ నీ బడి గడప తొక్క" అన్నావు. తొక్కలేదు. తమ్ముణ్ణి చేర్పించడానికి కూడా అమ్మనే పంపావు. ఆ రాత్రి నువ్వు అన్నం ముట్టలేదని కూడా నాకు గుర్తుంది. అంతకు ముందు వానాకాలంలో వాగులో ఒక పిల్ల కొట్టుకుపోయింది. నీకు చదువు మీద కోపం కాదు, వాగు మీద భయం. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. నీకు చెప్పడం రాలేదు, నాకు అడగడం రాలేదు.

నేనే వచ్చి టీసీ తీసుకోవచ్చు. మీ అల్లుడూ అదే అన్నాడు. కానీ నువ్వు పోనన్న బడికి నీ వెనక నుంచి పోవడం నాకు ఇష్టం లేదు. నువ్వు వెళ్ళి తెస్తే, ఆ కాగితం పట్టుకుని క్లాసులో కూర్చునే ధైర్యం నాకు వస్తుంది. ఆ సార్ ఇప్పుడు అక్కడ లేడు, వేరే ఆయన వచ్చాడని తమ్ముడు చెప్పాడు. నువ్వు పోలేకపోతే నాకు కోపం రాదు, నిజంగా రాదు. కాగితం పాతదైపోయి ఉంటుందేమో అనకు. అది ఎడ్ల దండే కదా, అంత సులభంగా అరగదు.

ఉత్తరంలో చిన్న పొట్లం పెట్టాను. ఆ ప్రదర్శనలో గడ్డి దండకు గుచ్చిన బంతిపూలను ఎండబెట్టి తీసిన గింజలు. బడికి పోయి వచ్చిన రోజు వాటిని వాకిట్లో చల్లు. "పోయొచ్చిన" అని ఫోన్‌లో చెప్పడం నీకు ఇబ్బంది. చెప్పొద్దు. అమ్మ "మీ బాపు గింజలు చల్లిండే" అంటే నాకు అర్థమవుతుంది.

జొన్నపిండి రెండు కిలోలు, కొంచెం చింతపండు ఎవరైనా వస్తుంటే పంపమని అమ్మతో చెప్పు. నానమ్మ కాళ్ళకు నా బదులు తమ్ముణ్ణి దండం పెట్టమను. వాణ్ణి చదువు మానొద్దని చెప్పు, లేకపోతే పదిలో నాకంటే వెనకబడతాడు. ఎడ్లకు ఈసారి దండ గుచ్చేటప్పుడు వాటికి అర్థమయ్యేలా చెప్పు, మీ దండ పుస్తకంలో ఎక్కిందని. నా గురించి రంది వద్దు. నేను సంతోషంగా ఉన్నాను. నీ చెయ్యి నా తల మీద ఉన్నట్టే అనుకుని ముగిస్తున్నాను.

నీ బిడ్డ,
మంజుల
ఏడో తరగతి, ఇప్పటికి