స్కాన్‌లో వెలిగిన కొవ్వు

అక్కా,

నువ్వు పోయి రేపటికి ఆరేళ్లు. నేను పనిచేసే విజయవాడ స్కాన్ సెంటర్‌కి ఈరోజు బావ వచ్చాడు. జ్వరం తగ్గడం లేదని రెండో భార్యను తీసుకొచ్చాడు. మాస్కులో ఉన్న నన్ను గుర్తుపట్టలేదు.

స్కాన్‌లో ఆమె మెడకు రెండు పక్కలా వెలుగు కనిపించింది. గడ్డలేమోనని ఆమె బెదిరిపోయింది.

"భయం లేదమ్మా, అది గోధుమరంగు కొవ్వు. ఏసీ చలికి ఒంటిని వెచ్చబెడుతోంది. ఆడవాళ్లలో ఎక్కువగా చూస్తుంటాం," అన్నారు మా డాక్టరమ్మ.

"ఈవిడకి కొవ్వుకేం కొదవండీ," అన్నాడు బావ.

నిన్నూ అదే మాట అనేవాడు. అన్నం మాన్పించాడు. ఎవరో ఇచ్చిన సన్నబడే మాత్రలు మింగించాడు. నీ గుండె ఆగిపోతే, తప్పు నీ ఒంటిదేనన్నాడు.

నేను మాస్కు తీశాను.

"బావగారూ, మా అక్క చేత మింగించిన మాత్రల సంగతి ఈమెకి చెప్పారా?"

నేనే అంతా చెప్పాను, బయట కూర్చున్నవాళ్లకి కూడా వినపడేలా.

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి ఒక సీసా తీసింది. "ఇవేనాండీ?" అని అడిగింది.

అవే, అక్కా.

సీసా డాక్టరమ్మ చేతికిచ్చి, పామర్రులో పుట్టింటికి పోతానని ఆమె ఒక్కతే ఆటో ఎక్కింది. బావ స్కాన్ కవరు పట్టుకుని రోడ్డు మీద నిలబడిపోయాడు. ఎండ మండిపోతోంది. లోపలికి వచ్చి కూర్చోమని నేను అనలేదు. అద్దంలోంచి తనివితీరా చూశాను.

నీ చెల్లెలు